చెట్టు దిగినంక వేసుకుంట

మా బావ తాటిచెట్టు సగం ఎక్కి ఆగాడంటే చిలకలతో ముచ్చట పెడుతున్నాడని లెక్క. జనగామ నుంచి నర్మెట్ట పోయే దారిలో ఉన్న మా అక్క వాళ్ల ఊళ్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆ కథ కట్టింది నేను. మొదట్లో ఆ చిలకలు కల్లు రుచి గురించి మాత్రమే మాట్లాడేవి. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా వాటికి కొత్త సంగతులు దొరికేవి. ఒక ముసలి చిలక తన కోడలు పిల్లలకు ఎగరడం నేర్పడం లేదని బావ దగ్గర పంచాయితీ పెట్టిందనీ, ఆయన మోకు మీద వెనక్కి వాలి రెండు పక్షాలూ విని తీర్పు చెప్పాడనీ కల్లు తాగే మండువలో నేను చెబుతుంటే, నవ్వలేక ఒకాయనకు పొలమారి కల్లు ముక్కులోంచి వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, మా బావకు ఊపిరి అందేది కాదు.

ఆయన కల్లు గీత పనివాడు. పద్దెనిమిదేళ్లు నిండకముందే వాళ్ల నాయిన చేతిలోంచి మోకు అందుకున్నాడు. మోకు అంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. దాన్ని పైకి విసురుకుంటూ, కాళ్లతో చెట్టును అదుముకుంటూ ఎక్కాలి. అరవైకి దగ్గర పడినా ఆయన ఎక్కుతుంటే కింద చూసేవాళ్లకే ఆయాసం గాని ఆయనకు ఉండేది కాదు. అలాంటి మనిషి సగంలో ఆగడం మొదలుపెట్టాడు. ఆగి, మోకు మీద వాలి, దిక్కులు చూసేవాడు. చుట్టూ చేలు చూస్తున్నాడని కొందరు, బీడీ తాగుతున్నాడని కొందరు అన్నారు. నేను చిలకలన్నాను.

"గదే చెప్పు బామ్మర్దీ. ఎవలన్న అడిగితే చిలకలనే చెప్పు," అన్నాడు బావ ఒకసారి నన్ను పక్కకు పిలిచి. "ఆయాసమస్తుందని తెలిస్తే నా చెట్లు గీత సంఘపోళ్లు ఇంకొకనికి పంచుతరు."

నేను ఉండేది మహబూబాబాద్‌లో. స్టీలు గిన్నెలు, బిందెలు ట్రాలీ ఆటోలో వేసుకుని సంతలు తిరుగుతాను. ఇటు బయ్యారం, అటు జనగామ, ఒక్కోసారి భూపాలపల్లి, రేగొండ దాకా. ఒక సంతలో విన్న ముచ్చటను ఇంకో సంతకు చేరేసరికి రెండింతలు చెయ్యడం నాకు అలవాటు. ఇక్కడ రాస్తున్న దాంట్లో చిలకల మాట తప్ప మిగతాది పెంచలేదు. పెంచాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు సాయంత్రం బావ చెట్టు దిగి, తాటివనం గట్టు మీద కూలబడి, నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. చెట్టుకు రాసుకుని రాసుకుని గట్టిపడిన తోలు. దాని కింద గుండె ఒకసారి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. తర్వాత ఏమీ లేదు. ఆగిపోయిందేమో అని నేను ఆయన ముఖంలోకి చూసేలోగా నాలుగైదు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రేకుల కప్పు మీద వాన మొదలయ్యేటప్పుడు చినుకులు పడతాయి చూడండి, తర్వాతిది ఎప్పుడు పడుతుందో తెలియకుండా, అలా ఉంది.

"లోపట కౌజుపిట్ట గిట్ల దూరిందా బావా?" అన్నాను.

"నీ నవ్వులు పాడుగాను, సక్కగ సూడు. శానా దినాల సంది గిదే కథ. మూడొంతులు ఎక్కంగనే కండ్లకు చీకట్లు కమ్ముతున్నయి."

"అక్కకు చెప్పినవా?"

"చెప్తే ఎక్కనిస్తదా?"

నేను చెప్పాను. మర్నాడు ముగ్గురం జనగామలో దవాఖానకు పోయాం. ఈసీజీ తీశారు. కాగితం మీద గీతలు బావ రొమ్ములో నా చేతికి తగిలినట్టే ఉన్నాయి, ఒకచోట దూరంగా, ఒకచోట గుంపుగా. అక్కడున్న డాక్టరమ్మ ఆ జబ్బుకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పేరు చెప్పింది. మా ముఖాలు చూసి కాగితం పక్కన పెట్టి, తన పిడికిలి చూపించింది.

"గుండెకు పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. పై గదులు ఇట్లా ముడుచుకుని రక్తాన్ని కిందికి నెట్టాలి." పిడికిలి బిగించి వదిలింది. "మీవి ముడుచుకోవడం లేదు. వణుకుతున్నాయి." వేళ్లు చలికి వణికినట్టు ఆడించింది. "వణికే గదిలో రక్తం కదలకుండా ఒక మూల నిలబడిపోతుంది. నిలబడితే గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు పోయే రక్తనాళంలో అడ్డం పడిందంటే పక్షవాతం. కాలో చెయ్యో మాటో పోతుంది. ఒక్కోసారి మనిషే పోతాడు. మీకు బీపీ కూడా ఉంది, వయసు కూడా అయింది. అందుకని మీకు ప్రమాదం ఎక్కువ."

రెండు రకాల గోలీలు రాసింది. ఒకటి గుండె పరుగు తగ్గించేది. రెండోది రక్తం పలచబరిచేది, గడ్డ కట్టకుండా.

"మొదటిది వేసుకుంటే దడ తగ్గుతుంది, మీకే తెలుస్తుంది. రెండోది వేసుకున్నా మీకు ఏమీ తెలియదు. మానేసినా ఏమీ తెలియదు. తెలిసే రోజు వచ్చిందంటే అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే ఒక్కపూట కూడా మానొద్దు. మానాల్సి వస్తే నన్ను అడిగి మానండి."

"కల్లు?" అన్నాడు బావ.

"కల్లు, మందు, రెండూ బంద్. తాగితే వణుకు ఎక్కువవుతుంది."

"తాగి సూడకుంటే అది పులిసిందో తియ్యగున్నదో ఎట్ల తెలుస్తదమ్మా?"

"మీ బామ్మర్దితో తాగించండి," అందామె నన్ను చూసి. నా సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో! తర్వాత నవ్వు తీసేసి, "చెట్టు కూడా ఎక్కొద్దు. పైన కళ్లు తిరిగితే పడతారు. ఈ గోలీ వేసుకునేవాళ్లకు దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు," అంది.

బావ ఈసీజీ కాగితం తన వైపు లాక్కున్నాడు. "గోలీ వద్దంటరా, చెట్టు వద్దంటరా? ఒక్కటే చెప్పుండ్రి."

"చెట్టు వద్దంటాను."

బయటికి వచ్చాక మెట్ల మీద నిలబడి, "మంచి పిల్ల. కని తాటిచెట్టు సంగతి ఆమెకేం తెలుసు," అన్నాడు. అక్క గోలీల సంచీ నడుములో దోపుకుంది.

అవి వానల రోజులు, తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసే కాలం కాదు. కాబట్టి గొడవ రాలేదు. అక్క పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చేతిలో పెట్టి నీళ్లు ఇచ్చేది. బావ మింగేవాడు. నిజంగానే దడ తగ్గింది. ముఖం తేటపడింది. నేను ఊరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని చూస్తే నాడి అదే గతి తప్పిన నడక, కాని మునుపటి పరుగు లేదు. అంతా సర్దుకున్నదని మేం అనుకున్నాం. రోగం పోలేదనీ, దాని చప్పుడు మాత్రమే తగ్గిందనీ అర్థం చేసుకోవడానికి మాకు ఇంకా టైం పట్టింది.

చలి వెనకపట్టు పట్టగానే తాళ్ల కాలం వచ్చింది.

తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. తాటి గెలను పొద్దున, సాయంత్రం సన్నగా చెక్కుతూ ఉండాలి. చెక్కిన చోటు నుంచి చుక్కలు చుక్కలుగా కల్లు కింద కట్టిన లొట్టిలోకి దిగుతుంది. వరసగా కొన్ని పూటలు చెక్కకపోతే ఆ కోత ఎండిపోతుంది. ఇక ఆ ఏడాదికి ఆ గెల లేనట్టే. చుట్టం చచ్చినా, పిల్ల పెళ్లయినా, గీత పనివాడు చెట్టెక్కి వచ్చాకే మిగతా పనులు. నా మేనకోడలి పెళ్లికి తండ్రి మోకు భుజాన వేసుకునే పందిట్లోకి వచ్చాడు.

అక్క అరిచింది, ఏడ్చింది, ఒకపూట మోకు దాచింది కూడా. బావ పక్కింటి వాళ్ల మోకు తీసుకుని ఎక్కాడు. వేరేవాళ్ల మోకుతో ఎక్కితే ఇంకా ప్రమాదమని ఆమే మళ్లీ తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత లొట్టిలో రక్తం పడింది.

గెల చెక్కుతుంటే కత్తి బొటనవేలికి తగిలిందట. ఇదివరకు ఎన్నోసార్లు తెగింది. కాస్త నొక్కి పట్టుకుంటే ఆగిపోయేది. ఈసారి ఆగలేదు. మోచేతి దాకా కారి, కత్తి పిడి తడిసి, కిందికి చుక్కలు లొట్టిలో పడ్డాయి. వాళ్ల ఇంట్లో తాతల నాటి పట్టింపు ఒకటుంది. గీసే కత్తికి మనిషి రక్తం అంటితే ఆ పూట దిగిన కల్లంతా చెట్టు మొదట్లో పారబోసి, కత్తి కడిగి, కాటమయ్యకు కోడిని కోసి, అప్పుడు మళ్లీ ఎక్కాలి. కాటమయ్య గీత పనివాళ్ల దేవుడు. చెట్టు మీద వాళ్లను పట్టుకుని ఉండేది ఆయనే. బావ కల్లు పారబోశాడు. కోడిని కోశాడు. వారం తిరగకుండా మళ్లీ తెగింది. మళ్లీ కోడి. రొమ్ము మీద, ముంజేతుల మీద చెట్టు ఒరుసుకున్న చోటల్లా నల్లగా కమిలిన మచ్చలు తేలాయి. మూడోసారి తెగినప్పుడు బావ ఇంటికి వచ్చి గోలీల సంచీ తీసి, దూలం మీద పెట్టాడు.

నేను వెళ్లేసరికి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం లేదు. అక్క పొయ్యి దగ్గర, బావ అరుగు మీద.

"దడ తగ్గేటిది వేసుకుంటున్న," అన్నాడు నేను అడగకముందే. "రక్తం పలచ చేసేటిది మాత్రం తాళ్లు అయిపోయినంకనే. చెట్టు మీద ఉన్నన్ని దినాలు రక్తం చిక్కగుండాలె, దిగినంక పలచగుండాలె. గిందుల తప్పేమున్నది?"

"తమ్మీ, గా లెక్క వినవట్టినవా?" అక్క పొయ్యి దగ్గర నుంచే అంది. "గుండె తాళ్ల నెలల వణుకవద్దు, మిగిలిన నెలల వణుకవచ్చని ఈయన దానికి సెలవులిస్తుండు."

"నువ్వాగు. కత్తికి రక్తమంటుతుంటే కాటమయ్య ఎన్ని దినాలు ఊకుంటడు?"

"కాటమయ్య రక్తం వద్దన్నడా, గోలీ వద్దన్నడా?"

అంతకుముందు ఆమె పప్పులో గోలీ నలిపి కలిపితే బావ నాలుకకు చేదు తగిలి కంచం పక్కకు నెట్టాడట. ఆ రోజు నుంచి తన అన్నం తనే పెట్టుకుంటున్నాడు.

నా వంతు వచ్చింది. బయ్యారం దగ్గర తండాలో ఒక రైతు ఉన్నాడు, నా దగ్గర బిందెలు కొనేవాడు. ఆయనకూ ఇదే గుండె వణుకు. ఇవే గోలీలు. బాగున్నాను కదా అని మానేశాడు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆ సంగతి బావకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

బావ విని, తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "మంచిగ అల్లినవ్ బామ్మర్దీ."

"అల్లలేదు బావా, నిజం."

"నాకు ఎరుకలేదా? నిజం చెప్పేటప్పుడు నీకు నత్తి వస్తది. గిది గడగడ వచ్చింది."

అది సత్యం. చిన్నప్పటి నుంచి నాకు నత్తి ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాలుక అడ్డం తిరుగుతుంది. కథ కట్టి చెబితే మాత్రం ఎక్కడా తగలదు. బయ్యారం రైతు సంగతి నిజమే కాని, దాన్ని నేను అన్ని సంతల్లోనూ చెప్పి చెప్పి నున్నగా చేశాను. ఇప్పుడు దానికి నత్తి రాదు.

"అయితే చూపిస్త, నడువు," అన్నాను.

పొద్దుటి గీత అయిపోగానే ట్రాలీ ఆటోలో బిందెల మధ్య బావను కూర్చోబెట్టుకుని బయ్యారం పోయాను. దారి పొడుగునా ఆయన బిందెల మీద వేళ్లతో కొడుతూ, ఒక రోగిని చూడడానికి పోతున్నట్టు కాకుండా, నా అబద్ధం ఎక్కడ బయటపడుతుందో చూడడానికి పోతున్నట్టు హుషారుగా ఉన్నాడు.

తండాలో ఆ రైతు ఇంటి ముందు రేకుల పందిరి కింద మంచంలో ఉన్నాడు. భార్య ఆయన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి జావ తాగిస్తున్నది. చెంచా పెట్టిన ప్రతిసారీ సగం ఒక మూల నుంచి కారుతుంది, ఆమె చీర చెంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది. వాళ్ల భాషలో ఆమె ఏదో అంటే ఆయన మమ్మల్ని చూశాడు. దండం పెట్టబోయి ఎడమ చెయ్యి లేపాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టిన ఎవరిదో చెయ్యిలాగ ఉంది. లేచిన చెయ్యి జత కోసం కాసేపు గాలిలో నిలబడి, దిగిపోయింది.

బావ ముఖంలో హుషారు అక్కడే పోయింది.

"గోలీలు ఎన్ని దినాలు బంద్ వెట్టిండమ్మా?" అని అడిగాడు.

"నెల గూడ కాలేదన్నా," అందామె తెలుగులో. "దడ లేదు, నొప్పి లేదు, ఇంక గోలీలెందుకన్నడు. చేన్ల మందు కొట్టచ్చి, బువ్వ పెట్టుమని కూసున్నడు. నేను కంచం తెచ్చేసరికి గిట్ల ఒరిగిండు."

"గోలీ అంతకు ముందు మంచిగనే వేసుకున్నడా?"

"మంచిగనే వేసుకున్నడు."

తిరుగు దారిలో బావ బిందెల మీద తాళం వెయ్యలేదు. మహబూబాబాద్ దాటాక, "ఆయనకు షుగర్ గూడ ఉండచ్చు," అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, "ఆయన చేను పని, మనది చెట్టు పని. చెమట ఎక్కువ పోతది," అన్నాడు. ఊరి పొలిమేర దగ్గర ఆటో ఆపమన్నాడు. దిగి, తాటివనం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అన్ని చెట్లు అయిపోవచ్చినయి బామ్మర్దీ. పెద్ద చెట్టు గెల ఒక్కటే మిగిలింది. మా నాయిన మొదలు నన్ను ఎక్కించిన చెట్టది. దాన్ని నడిమిట్ల ఎండబెట్టలేను. అది దిగినంక రోజు వేసుకుంట. మీ అక్క చేతులకెల్లే వేసుకుంట. ఒట్టు."

ఇంటికి వచ్చి అక్కతో కూడా అదే అన్నాడు. ఆమె దూలం మీది సంచీ దించి, దుమ్ము తుడిచి, బియ్యం డబ్బా మీద కంటికి కనబడేట్టు పెట్టింది. ఆ పూట ఇద్దరూ ఒక దగ్గర అన్నం తిన్నారు.

ఆ తర్వాతి జనగామ సంత రోజు పొద్దున్నే నేను ఊళ్లో ఆగాను. తాటివనంలో పెద్ద చెట్టు కింద ఐదారుగురు కూర్చున్నారు, చెట్టు మీది నుంచి దిగిన కల్లును దిగినట్టే తాగుదామని. తాటాకును దొన్నెలా మలిచిన రేకలు చేతుల్లో పట్టుకున్నారు. వాళ్లు వచ్చేసరికే బావ పైన మట్టల మధ్య ఉన్నాడట. కాళ్లు కనబడుతున్నాయి, మోకు కనబడుతున్నది, ముఖం మట్టల చాటున ఉంది. ఎంతకీ దిగడు.

"ఏం పంచాయితీ నడుస్తున్నదో ఇయ్యాల!" అన్నాడొకాయన.

"ముసలి చిలక మల్ల వచ్చినట్టున్నది," అన్నాడు ఇంకొకాయన. "ఏమయ్యా బామ్మర్దీ, గా కోడలు పిల్ల తీర్పుకు ఒప్పుకోలేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోడలు పై కోర్టుకు పోయిందని చెప్పాను. ఇంకా నవ్వారు. రేకలు పట్టుకుని, మెడలు పైకెత్తి, అలా ఎంతసేపు నవ్వుతూ కూర్చున్నామో ఎవరూ చూసుకోలేదు. ఎండ మా కాళ్ల మీదికి వచ్చింది.

అప్పుడు పై నుంచి గీత కత్తి పడింది. మాకు కొంచెం దూరంలో, మొన నేలలో దిగబడి నిలబడింది.

గీత పనివాడు కత్తి జారవిడవడు. చెట్టుమీద మనిషి జారినా కత్తి నడుముకు ఉంటుంది. మాతో కూర్చున్న ముసలి గీత పనివాడొకడు రేక కింద పారేసి లేచి నిలబడ్డాడు. నేను పిలిచాను. "బా... బా... బా..." అని అక్కడే ఆగిపోయింది. పక్కనున్నవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఇది కూడా కథలో భాగమనుకున్నాడు. ముసలాయన నా ముఖం చూసి, "మోకులు తేండ్రి," అని అరిచాడు.

ఇద్దరు ఎక్కారు. మోకు ఆయన్ను వదల్లేదు. మట్టల మీద వాలి, చెట్టును ఎడమ చేత్తో కావలించుకుని ఉన్నాడట. కుడి చెయ్యి వేలాడుతున్నది. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే చూస్తున్నాడు గాని మాట రావడం లేదు. అన్నీ వింటూ ఉండి ఉంటాడు. తాళ్లతో కట్టి మెల్లగా దించారు. అలా దిగుతున్నంతసేపూ మోకు చెట్టుకు ఒరుసుకునే చప్పుడు తప్ప వనంలో ఇంకో చప్పుడు లేదు.

అక్క అప్పటికే పరుగెత్తుకుని వచ్చింది. ఎవరు చెప్పారో, చేతిలో గోలీ ఉంది. ఆయన తలను ఒళ్లో పెట్టుకుని, "దిగినవు కదా, దిగినంక వేసుకుంటనన్నవు కదా," అంటూ గోలీ నోట్లో పెట్టి నీళ్లు పోసింది. నీళ్లు నోటి మూల నుంచి కారిపోయాయి. గోలీ కూడా జారి ఆమె చీర మీద పడింది. తుడిచి మళ్లీ పెట్టబోతే ముసలాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అలాంటప్పుడు మింగడానికి ఏమీ ఇవ్వకూడదట, ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అది మాకు తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

బిందెలు అక్కడే దింపేసి ట్రాలీలో పడుకోబెట్టి జనగామ తీసుకుపోయాం. అక్కడి నుంచి అంబులెన్సులో పెద్ద దవాఖానకు. తలకు స్కానింగ్ తీశారు. గడ్డే. మెదడు ఎడమ వైపు రక్తనాళంలో అడ్డం పడింది.

"మొదలైన వెంటనే వస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటుంది," అన్నాడు అక్కడి డాక్టరు. "ఎప్పుడు మొదలైంది?"

"ఎవ్వలం సూడలే సారూ," అంది అక్క.

"ఆయన బాగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

తెల్లారకముందే ఇంట్లోంచి పోతుంటే అక్క చూసింది. తర్వాత చూసింది చిలకలే. ఆ మాట నేను పైకి అనలేదు. లెక్క దాటిపోయింది, ఇప్పుడు ఇస్తే మెదడులో రక్తస్రావం అవుతుందని డాక్టరు చెప్పాడు. రక్తం చిక్కగుండాలని మొండికేసిన మనిషికి ఇప్పుడు రక్తం కారుతుందన్న భయంతోనే మందు ఇవ్వలేకపోయారు. కొన్నాళ్లు ఆపి, పలచబరిచే గోలీ మళ్లీ మొదలుపెట్టారు. ఇక బతికినన్నాళ్లూ వేసుకోవాలన్నారు.

ఊళ్లో ఆయన్ను లేపి కూర్చోబెట్టే మనిషి అక్క ఒక్కతే. అందుకని భూపాలపల్లిలో ఉన్న కూతురు తన దగ్గరికి తీసుకుపోయింది. అల్లుడు బొగ్గు లారీ నడుపుతాడు. రెండు గదుల కిరాయి ఇల్లు. తలుపు పక్కనే బావ మంచం. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద వరసగా పోయే లారీలు, వాటి నల్లటి దుమ్ము. ఒక్క తాటిచెట్టు కనబడదు.

నేను రేగొండ సంతకు పోయినప్పుడల్లా అటు పోయి వస్తాను. మొదటిసారి పోయేసరికి అల్లుడి తరఫు చుట్టం ఒకాయన బుట్టలో పావురాలు తెచ్చి కూర్చున్నాడు. అడవి పావురం రక్తం పడిపోయిన చేతికి పూస్తే కదలిక వస్తుందని అక్కడ చాలామంది నమ్ముతారు.

"రక్తం పూసినన్ని దినాలు ఇంగ్లీషు మందు బంద్ వెట్టాలె వదినా," అంటున్నాడాయన అక్కతో. "రెండు మందులు ఒక్కదగ్గర పడవు. లెక్క ప్రకారం ఇరువై ఒక్క దినం."

బావ మంచంలోంచి ఆమెనే చూస్తున్నాడు. అక్క పావురాల బుట్ట మీది మూత సరిచేసింది.

"పూస్తవా, పుయ్యి. సంబురంగ పుయ్యి. నోట్లెకు పోయే గోలీ మాత్రం ఒక్కపూట ఆగదు. గా సెలవులిచ్చుడు అయిపోయింది."

"మరి గుణమెట్ల వస్తది?"

"రాకుంటే మానె. ఉన్నదన్న ఉంటది."

పావురం రక్తం పూశారు. చెయ్యి కదల్లేదు. గోలీ ఆగలేదు.

పోయిన సంతకు వెళ్లినప్పుడు బావ నన్ను చూడగానే ఎడమ చెయ్యి పైకెత్తి, వేలు ఇంటి కప్పు వైపు చూపించి, కనుబొమలు ఎగరేశాడు. నాకు అర్థమైంది. పెద్ద చెట్టు గురించి అడుగుతున్నాడు.

అంతకు ముందురోజే ఆ వనం చూసి వచ్చాను. ఆయన చెట్లు వేరేవాళ్లకు పంచారు గాని పెద్ద చెట్టు ఎక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆయన సగంలో వదిలిన గెల పైనే నల్లబడి ఎండిపోయింది. ఆయన కట్టిన లొట్టి కూడా అట్లాగే వేలాడుతున్నది, గాలికి చెట్టుకు కొట్టుకుంటూ.

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఈ అబద్ధం గడగడ చెబితే పట్టేస్తాడని తెలుసు. అందుకని నాలుకను కావాలనే అడ్డం పెట్టాను.

"మ... మంచిగున్నది బావా. ప... పక్కింటాయన గీస్తుండు. గె... గెల ఎండలేదు."

బావ నా నోటి వైపే చూశాడు. తర్వాత ఎడమ చేతి బొటనవేలు, మిగతా నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి, తెరిచి మూశాడు. మళ్లీ తెరిచి మూశాడు. చిలక ముక్కు.

నా నత్తి దొంగదని పట్టేశాడు. కోపం మాత్రం లేదు. ఎట్లాగూ అబద్ధమే అయినప్పుడు సరిగ్గా చెప్పమంటున్నాడు.

అప్పుడు చెప్పాను. ముసలి చిలక కోడలితో రాజీకి వచ్చిందనీ, కాని తీర్పు ఇచ్చిన పెద్దమనిషి లేకుండా కాగితం మీద ముక్కు వెయ్యనంటున్నదనీ, వనంలో చిలకలన్నీ పెద్ద చెట్టు మీద చేరి జనగామ రోడ్డు వైపు చూస్తున్నాయనీ, వాటిలో ఒకటి భూపాలపల్లి బొగ్గు లారీ ఎక్కిందనీ, నల్లగా మారితే కాకి అనుకుని దాన్ని లోపలికి రానియ్యకపోతారేమో, కిటికీ తెరిచి ఉంచమనీ. ఎక్కడా నత్తి తగల్లేదు. బావ ముఖం ఎడమ సగం నవ్వింది. కుడి సగం రాలేదు. ఆ నవ్వు నుంచి కళ్లు తిప్పుకోవడానికి నేను ఆయన ఎడమ మణికట్టు పట్టుకున్నాను. ఒకటి కొట్టుకుంది, ఇంకొకటి, తర్వాత ఏమీ లేదు, తర్వాత మూడు ఒకేసారి. ఆ గదులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

అక్క గ్లాసు నీళ్లతో వచ్చింది. ఆయన తల వెనక చెయ్యి పెట్టి లేపి, గోలీ నాలుక మీద పెట్టి, కొంచెం కొంచెం నీళ్లు పోసింది. గొంతు ఒకసారి ఆడింది.

"మింగినవా?"

బావ తల ఊపాడు.

"తలకాయ ఊపుడు కాదు, నోరు తెరువు. నాలుక లేపు."

ఆయన నోరు తెరిచి, నాలుక లేపి చూపించాడు. అక్క వంగి, కిటికీ వెలుతురులో లోపల అంతా చూసింది.